రాయచూరు జిల్లాలో అప్పుల దిగులు, మానసిక ఆరోగ్యం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లాలో డబ్బు దిగులంటే చాలావరకు అప్పు దిగులే. పిల్లల ఫీజులు, ఆసుపత్రి ఖర్చు, కూతురి పెళ్ళి, పోయిన పంట, ఏదైనా చివరికి ఎవరో ఒకరి దగ్గర చెయ్యి చాపడంలోకే తేలుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 19 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. కన్నడం, ఉర్దూ, తెలుగు మూడూ వినబడే ప్రాంతమిది. ఒక పక్క తెలంగాణలోని గద్వాల, నారాయణపేట; తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని మంత్రాలయం. అప్పు మనిషి మనసును ఎలా నలిపేస్తుంది, కుటుంబాలు, చట్టాలు, ఆసుపత్రులు దాన్ని ఎలా ఎదుర్కొంటున్నాయి అన్నది ఈ వ్యాస విషయం. మనిషిని కుంగదీసేది అప్పు మొత్తం ఒక్కటే కాదు. ఎంతమందికి బాకీ ఉన్నాడు, వాయిదా ఏ రోజున వస్తుంది, వాకిట్లో నిలబడి ఎవరు ఏం మాట అంటారు అన్నవి దానికన్నా ఎక్కువ బరువు మోపుతాయి. రాయచూరు అనుభవం ఈ మాటను అడుగడుగునా రుజువు చేస్తుంది.

నేల, నీరు, పాత బాకీలు

ఒకప్పుడు నిజాం పాలించిన హైదరాబాదు రాష్ట్రంలో ఈ జిల్లా 1956 నవంబరు 1 దాకా భాగం. అప్పు కింద మనిషినే కుదువ పెట్టుకునే పద్ధతి ఆనాటి తెలుగు, కన్నడ, మరాఠీ జిల్లాలన్నిటిలోనూ ఉండేది. తెలుగువాళ్ళు దాన్ని భగేలా అన్నారు, కన్నడిగులు జీత అన్నారు. తండ్రి తెచ్చిన ధాన్యానికి కొడుకు ఏళ్ళ తరబడి దొర ఇంట పశువులు కాయడం అందులో మామూలు సంగతి. నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలకు హద్దు పెడుతూ నిబంధన తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చి ఆ బాకీలన్నీ చెల్లిపోయినట్టే లెక్క అని తేల్చింది. బాకీ చెల్లినా, బాకీపడ్డవాడు తలెత్తి మాట్లాడకూడదన్న అలవాటు మాత్రం అంత తొందరగా చెల్లలేదు.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడి మాగాణి అయింది. కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు అక్కడ కొద్దిపాటి పొలం అమ్ముకుని ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమి కొన్నారు. వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. సోనా మసూరి వరి, బియ్యపు మిల్లులు, ఎరువుల దుకాణాలు, వాటి వెంట పెట్టుబడి అప్పులు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. లింగసుగూరు, దేవదుర్గలకు ఆ తర్వాత నారాయణపుర కుడి కాలువ నీళ్ళు అందాయి. కాలువ లేని చోట ఏటా 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానే దిక్కు. పత్తి, కంది, మిరప దాని మీదే నడుస్తాయి.

కాలువ ఉన్నంత మాత్రాన దిగులు తప్పదు. చివరి ఆయకట్టు మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల్లో ఉంది. పైవాళ్ళు వరి వేసుకుంటే కిందివాళ్ళకు నీళ్ళు అందవు. అందుతాయన్న నమ్మకంతో అప్పటికే నారు పోసి, ఎరువు తెచ్చి ఉంటారు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, వారం రోజులకు దాని స్థానంలో అడ్డుపలకలు దించేదాకా, ఆయకట్టు జిల్లాల రైతులు నిద్రపోలేదు. నది నిండుగా పారుతున్నా రేపటి పంటకు నీళ్ళుండవేమోనన్న భయం కరువు భయంలాంటిదే.

అప్పులు ఎన్ని రకాలు

రాయచూరు మార్కెట్ యార్డు రాజేంద్ర గంజ్‌కు పత్తి బస్తాలో కంది బస్తాలో తెచ్చే రైతు చాలాసార్లు ముందే అక్కడి ఆడత్ (కమీషన్) దుకాణం నుంచి సొమ్ము తీసుకుని ఉంటాడు. సరుకు ఆ దుకాణానికే వేయాలి, ధర బాగున్నా బాగోకపోయినా. లెక్క సరిచూసుకుని, కమీషనూ హమాలీ కోతా పోగా మిగిలింది చేతికి వస్తుంది. కొన్నేళ్ళు ఏమీ రాదు, పాత పద్దుకు కొత్త పద్దు చేరుతుంది.

బ్యాంకు పంట రుణం వీటన్నిటికన్నా చవక. సహకార సంఘాల్లో వడ్డీ లేని రుణాన్ని కర్ణాటక ప్రభుత్వం 2023లో మూడు లక్షల నుంచి ఐదు లక్షలకు పెంచింది. కానీ దానికి పహణీలో, అంటే భూమి రికార్డులో, పేరుండాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది, బయటివాళ్ళు దీన్ని అంతగా పట్టించుకోరు. కర్ణాటక భూసంస్కరణల చట్టానికి 1974లో చేసిన సవరణతో సేద్యపు భూమిని కౌలుకివ్వడమే దాదాపు నిషిద్ధమయింది. కౌలుదారును భూమికి యజమానిని చేయాలన్న మంచి ఉద్దేశంతో తెచ్చిన చట్టమది. యాభై ఏళ్ళ తర్వాత దాని ఫలితం ఏమిటంటే, కౌలు రైతు పొలంలో ఉంటాడు గానీ కాగితంలో ఉండడు. నోటిమాట మీద గుత్తకు తీసుకున్న వాడికి పంట రుణం లేదు, పంట పోతే పరిహారం వెళ్ళేది భూమి గలవాడి ఖాతాకు. ఆంధ్రప్రదేశ్ 2011లో రుణ అర్హత కార్డులు, 2019లో పంట సాగుదారుల హక్కుల పత్రాలు అంటూ దారి వెతికింది. తుంగభద్రకు ఇవతల ఆ మాత్రం కూడా లేదు. అందుకే కౌలు రైతు నేరుగా నూటికి రెండు, నూటికి మూడు వడ్డీ దగ్గరికే పోతాడు.

నూటికి మూడంటే నెలకు నూరు రూపాయలకు మూడు రూపాయలు, ఏడాదికి 36 శాతం. వడ్డీ వ్యాపారులకు కర్ణాటక ప్రభుత్వం పెట్టిన పరిమితి తాకట్టు ఉన్నదానికి 14 శాతం, లేనిదానికి 16 శాతం. ఎంత తేడానో చూడండి. పైగా ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు గనక గడువు దగ్గరపడగానే నోటు తిరగరాయిస్తారు. లక్ష రూపాయల నోటుకు మూడేళ్ళ బారువడ్డీ 1,08,000. ఏమీ కట్టలేకపోతే కొత్త నోటు 2,08,000 మీద రాస్తారు, వడ్డీ కూడా ఇక దాని మీదే. సంతకం పెట్టిన రోజు రైతు చేతికి ఒక్క రూపాయి కూడా రాదు. అయినా బాకీ రెట్టింపవుతుంది. రోజు లెక్కన పెరిగే మీటర్ వడ్డీ ఇంకా ఘోరం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారం ఈ జాతిదే.

మైక్రోఫైనాన్స్ అప్పు ఆడవాళ్ళ పేరు మీద వస్తుంది. తాకట్టు అక్కర్లేదు, తోటి సభ్యుల పూచీయే తాకట్టు. కిస్తీ రోజున పొద్దున్నే, ఎండ ఎక్కక ముందే, గుడి అరుగు మీదో ఎవరింటి పంచలోనో అందరూ చేరతారు. ఫీల్డు ఆఫీసరు బైకు దిగి ఫోనులో జాబితా తెరుస్తాడు. ఒక్కొక్కరు నోట్లు మడిచి అప్పు కార్డులో పెట్టి ఇస్తారు. ఒకామె రాలేదు, లేదా వచ్చింది గానీ చేతిలో సగమే ఉంది. మిగిలిన సగం చేరేదాకా మీటింగ్ ముగియదు. కూలికి పోవాల్సినవాళ్ళు ఆలస్యమవుతుంటే విసుక్కుంటారు. ఆఫీసరు గొంతు పెంచనక్కర్లేదు; పక్కింటి వదిన చాలు. ఈ పద్ధతిలో వసూళ్ళు నూటికి నూరు దగ్గరగా ఉంటాయంటారు. ఆ నూరు శాతానికి మూల్యం ఇరుగుపొరుగు స్నేహాలతో చెల్లించారన్నది ఏ లెక్కలోనూ కనిపించదు. రాయచూరులో మామూలుగా ఒకే ఇంట్లో రెండు మూడు సంస్థల కార్డులుంటాయి, ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకటి తెచ్చి. 50,000 రూపాయలను 24 శాతం వడ్డీకి రెండేళ్ళ గడువుతో తీసుకుంటే నెలకు 2,640 దాకా కట్టాలి. మూడు కార్డులైతే ఎనిమిది వేలు. పత్తి డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, కిస్తీ వారానికో పక్షానికో నెలకో వస్తుంది. చిక్కంతా ఈ రెండు క్యాలెండర్లు కలవకపోవడంలో ఉంది.

దేవదుర్గ, లింగసుగూరు మెట్ట ఊళ్ళ నుంచి బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనికి వలస వెళ్ళడాన్ని గుళే అంటారు. ఆ వలసకు కారణం చాలాసార్లు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సే. ఫోను యాపుల అప్పులు, క్రికెట్ బెట్టింగు పట్టణాల కుర్రవాళ్ళకు కొత్తగా తోడయ్యాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్ర చట్టం నిషేధించింది.

ఒంట్లో కనబడే దిగులు

రాయచూరు పల్లెల్లో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళి నాకు డిప్రెషన్ అనరు. గుండె దడ, నరాల బలహీనత, చేతులు కాళ్ళు లాగడం, గ్యాసు, తల తిరుగుడు అంటారు. నిద్ర తెల్లవారుజామున మూడింటికే విడిపోతుంది. అన్నం సయించదు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఒక సెలైన్ ఎక్కించి, బలానికి ఇంజెక్షన్ వేస్తాడు. రెండు రోజులు బాగున్నట్టు ఉంటుంది. ఆ ఖర్చూ మళ్ళీ అప్పే. మగవాళ్ళలో దిగులు కోపంగా, తాగుడుగా బయటికి వస్తుంది. ఆడవాళ్ళలో మౌనంగా, ఒళ్ళు నొప్పులుగా వస్తుంది. రెండు వారాలకు మించి రోజూ ఇలాగే ఉంటే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే, దాన్ని వైద్యం అవసరమైన జబ్బుగానే చూడాలి.

దిగులు ఆలోచనను ఎలా కుదిస్తుందో తేటగా చూపిన పరిశోధన ఒకటి పక్క రాష్ట్రం తమిళనాడులోనే జరిగింది. ఆనందీ మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావ్ అనే నలుగురు 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, చెరకు డబ్బు చేతికొచ్చాక ఒకసారి తెలివి పరీక్షలు పెట్టారు. అదే రైతు, అదే ఏడాది. డబ్బు లేని రోజుల్లో మార్కులు స్పష్టంగా తగ్గాయి. ఈ ఫలితాలు 2013లో సైన్స్ పత్రికలో వచ్చాయి. పేదవాడు తెలివి తక్కువై అప్పు చేస్తాడన్న మాటకు ఇది గట్టి జవాబు. కిస్తీ ఆలోచనే తల నిండా ఉన్నవాడికి మిగతావి ఆలోచించే చోటు ఉండదు. అందుకే మూడేళ్ళ తర్వాత రెట్టింపయ్యే నోటు మీద చదవకుండానే వేలిముద్ర పడుతుంది.

సింగపూరులో జరిగిన ఇంకో పరిశోధన 2019లో వెలువడింది. ఒక స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాల దీర్ఘకాలపు బాకీలు తీర్చింది. మొత్తం ఎంత తీరిందన్నదాని కన్నా ఎన్ని ఖాతాలు మూతపడ్డాయన్నదే ఆందోళన తగ్గడానికి ఎక్కువ పనికొచ్చిందని తేలింది. మూడు కార్డుల ఇల్లాలికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పును, ప్రాణం తీసుకోవడాన్ని నేరుగా ముడిపెట్టి రాయడం పత్రికలకు అలవాటు. లెక్కలు అంత సూటిగా లేవు. జాతీయ నేర నమోదు సంస్థ 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదు చేసింది. వాటిలో వ్యవసాయ రంగానివి 11,290. మహారాష్ట్ర తర్వాత ఎక్కువ కర్ణాటకవే, 2,392. కారణాల పట్టికలో అప్పు, దివాలా వాటా 4 శాతం చిల్లర. కుటుంబ సమస్యలు 30 శాతం పైన, జబ్బులు 18 శాతం. అయితే పట్టికలో ఒక్క కారణమే రాయాలి. బాకీ గురించి ఇంట్లో రోజూ గొడవ జరుగుతుంటే దాన్ని ఏ గడిలో వేస్తారు? కర్ణాటక ప్రభుత్వం కోసం జి.కె. వీరేశ్ సంఘం 2002లో ఇచ్చిన నివేదిక కూడా అప్పు ఒక్కటే కారణం కాదంది. రైతు సంఘాలు దాన్ని తప్పుపట్టాయి. రెండువైపులా కొంత నిజం ఉంది. దిగులు, తాగుడు, ఒంటరితనం, అవమానం కలిసిన చోట అప్పు ప్రాణాంతకమవుతుంది. అవి లేనిచోట అదే అప్పును మనుషులు మోసుకుపోతారు. అంటే మధ్యలో ఆపే చోట్లు చాలా ఉన్నాయి.

ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని రాష్ట్రం 2015లో రెండు లక్షల నుంచి ఐదు లక్షలకు పెంచింది. కాగితం లేని ప్రైవేటు అప్పును అధికారుల ముందు రుజువు చేయడం మాత్రం భార్యకు కష్టం. బతికున్నప్పుడు అందని సాయం గురించి పరిహారం ఏమీ చెప్పదు.

భయం ఎంత, చట్టం ఎంత

అప్పులవాళ్ళ భయాల్లో సగం చట్టంలో లేనివి. పోలీసులు పట్టుకుపోతారు, ఇల్లు జప్తు చేస్తారు, పుస్తెలు లాక్కుంటారు అని వసూలుకొచ్చేవాళ్ళు బెదిరిస్తారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చదివినవాళ్ళు ఊళ్ళో ఉండరు గనక ఆ బెదిరింపు పనిచేస్తుంది. బాకీ కింద జప్తు చేయకూడనివి ఆ సెక్షన్‌లో వరసగా ఉన్నాయి: కట్టుబట్టలు, వంట గిన్నెలు, పడక, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు, సేద్యగాడి పనిముట్లు, అతని బతుకుతెరువుకు అవసరమైన ఎద్దులు, విత్తనాలు, రైతు గానీ కూలీ గానీ తాను కాపురముంటున్న ఇల్లు. నూరేళ్ళకు పైబడిన చట్టం ఇది. ఇల్లు తానే తాకట్టు పెట్టి ఉంటే మాత్రం ఆ రక్షణ ఆ మేరకు పోతుంది.

బాకీ కట్టకపోవడం నేరం కాదు, సివిల్ వివాదం. స్తోమతు లేక కట్టలేనివాణ్ణి ఆ ఒక్క కారణంతో జైల్లో పెట్టడం తగదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. డబ్బు కట్టమన్న కోర్టు డిక్రీ కింద స్త్రీలను సివిల్ జైలుకు పంపడాన్ని చట్టమే వద్దంటుంది. చెక్కు చెల్లకపోతే మాత్రం క్రిమినల్ కేసు వస్తుంది, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకోవడంలోని మర్మం అదే. తండ్రి చనిపోతే ఆయన వదిలిన ఆస్తి విలువ మేరకే కొడుకు బాకీకి బాధ్యుడు. తన కష్టార్జితం నుంచి కట్టమని కోర్టు చెప్పదు. మైక్రోఫైనాన్స్ అప్పులకు చాలాసార్లు మొదట్లోనే బీమా సొమ్ము పట్టుకుంటారు. మనిషి పోయాక ఆ సంగతి అడిగితే తప్ప గుర్తుచేయరు.

రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు రాబడి ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ రుణం. ఆ ఇంటి కిస్తీలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు రాకూడదు. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇంటికి ఆరు వేల కిస్తీయే హద్దు. రాబడి ఎంతని రాసుకున్నారన్నదే అసలు కిటుకు. ఫారంలో అంకె పెరిగితే హద్దూ పెరుగుతుంది. వడ్డీకి ఈ నిబంధనలు పైపరిమితి పెట్టలేదు.

ఆంధ్రా 2010, కర్ణాటక 2025

మైక్రోఫైనాన్స్ వసూళ్ళ వేధింపుల కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ శాఖలు మూయించారు. 2010 అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: నెలకు ఒకసారే కిస్తీ, అదీ పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ స్థలంలోనే, ఇంటికి వెళ్ళకూడదు. వసూళ్ళు కుప్పకూలాయి, కొత్త అప్పులూ ఆగాయి. బెదిరింపులు తగ్గిన మాట నిజం. చేతిలో డబ్బులేని ఇళ్ళు మళ్ళీ ఊరి వడ్డీ వ్యాపారి గడపకే వెళ్ళిన మాటా నిజమే. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం సంఘం, ఆ బ్యాంకు తెచ్చిన నిబంధనలు ఈ సంక్షోభం నుంచి పుట్టినవే. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది.

కర్ణాటక వంతు 2025 జనవరిలో వచ్చింది. రాయచూరుతో సహా అనేక జిల్లాల్లో వసూళ్ళ వేధింపులకు తాళలేక కుటుంబాలు ఇళ్ళకు తాళాలేసి ఊరు విడిచిన వార్తలు వరసగా వచ్చాయి. ప్రభుత్వం పంపిన ఆర్డినెన్సును గవర్నరు థావర్‌చంద్ గెహ్లాట్ ఒకసారి తిప్పిపంపారు. ఫిబ్రవరి 12న అది అమల్లోకి వచ్చింది, మార్చిలో ఉభయసభలు చట్టంగా ఆమోదించాయి. బెదిరించడం, వెంటపడటం, రౌడీలను పంపడం, కాగితాలు లాక్కోవడం నేరాలయ్యాయి. శిక్ష ఆరు నెలల నుంచి పదేళ్ళ దాకా, జరిమానా ఐదు లక్షల దాకా. రిజిస్ట్రేషన్ లేని సంస్థలు బలహీన వర్గాలకు ఇచ్చిన అప్పు చెల్లిపోయినట్టే. ఫిర్యాదు తీసుకోనని పోలీసు అధికారి అనడానికి వీల్లేదు. చట్టం గట్టిదే. కానీ వాకిట్లో మాట అన్నది పరాయివాడు కాకుండా గ్రూపులోని పక్కింటామె అయితే ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు? ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు వెతకడం వృథా.

వైద్యం దారి

భారతదేశపు మానసిక ఆరోగ్య చరిత్రలో రాయచూరు పొరుగు జిల్లాకు పెద్ద పేరుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు 1985 నుంచి బళ్ళారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మనసు జబ్బులకు ఊరి దగ్గరే మందు అందేలా చూశారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మాదిరి అదే. ఇప్పుడది కర్ణాటక జిల్లాలన్నిటిలో ఉంది. 2014లో వచ్చిన మనోచైతన్య పథకంలో మంగళవారాల్లో మానసిక వైద్యులు తాలూకా ఆసుపత్రికి వస్తారు. జిల్లా కేంద్రంలో 2007లో మొదలైన రాయచూరు ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ, రిమ్స్, ఉంది. అయినా పెద్ద జబ్బంటే హైదరాబాదు బస్సెక్కడమే. ఎయిమ్స్ కావాలని 2022 మే నుంచి రాయచూరులో ఏళ్ళ తరబడి సాగిన దీక్ష వెనక ఆ ఖర్చుల కథే ఉంది.

నిమ్హాన్స్ నడిపిన 2015–16 జాతీయ సర్వే పెద్దవాళ్ళలో పదిమందిలో ఒకరికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్ళలో అత్యధికులకు వైద్యం అందడం లేదని చెప్పింది. ఈ ఖాళీ పూడ్చడానికి అందరూ డాక్టర్లే కానక్కర్లేదు. పత్తి రైతుల అప్పులకు పేరుపడ్డ విదర్భలో, అమరావతి జిల్లాలోని 30 ఊళ్ళలో, విశ్రామ్ అనే కార్యక్రమం ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. దిగులు జబ్బు ఉన్నవాళ్ళలో సాయం కోరినవారు నూటికి నాలుగు నుంచి 27కు పెరిగారు. డాక్టరు పెట్టిన పేరు కాకుండా ఊళ్ళో అనుకునే మాటల్లోనే అడిగారు, పనిచేసింది.

మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఏ వేళనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడతారు. క్యాంపుల్లోని పెద్దవాళ్ళకు, గద్వాల వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళకు ఈ రెండో భాష చిన్న విషయం కాదు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా వస్తే దాన్ని బెదిరింపుగానో నాటకంగానో కొట్టిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా, ఇంట్లోని పురుగుమందు డబ్బాలు వేరే చోటికి చేర్చి, ఆ నంబరుకో 112కో ఫోను చేయాలి. ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళ మీద కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జంకేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి శిక్ష లేకుండా చేసింది. చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అంది.

ఇళ్ళు నెగ్గుకొస్తున్న తీరు

మొదటి పని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయడం. వినడానికి సులువు, చేయడానికి మహా కష్టం. ఎందుకంటే భర్త తెచ్చిన నోటు సంగతి భార్యకు తెలియదు, భార్య తెచ్చిన రెండో కార్డు సంగతి భర్తకు తెలియదు. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ తేదీన అన్నది ఎదురెదురుగా కూర్చుని రాసుకున్న రాత్రి ఇంట్లో గొడవ జరగవచ్చు. అది జరగాల్సిన గొడవే. దాచిన అప్పు అంతకన్నా పెద్ద గొడవ తెస్తుంది. ఆ తర్వాత చిన్న కార్డు ఒకటి పూర్తిగా మూసేయడం మనసుకు మేలు, సింగపూరు పరిశోధన చెప్పినట్టు. వడ్డీ లెక్కలో మాత్రం నూటికి మూడు నోటు ముందు తీరాలి. రెంటిలో ఏది అంటే, నిద్రపట్టని మనిషికి మొదటిదే చెబుతాను. నిద్రపట్టిన మనిషి రెండోది తానే ఆలోచించుకోగలడు. అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు తేవడం ఒక్క సందర్భంలోనే లాభం, ఎక్కువ వడ్డీది తీర్చడానికి బంగారం మీద బ్యాంకులో తక్కువ వడ్డీకి తెచ్చినప్పుడు.

2023 ఆగస్టు చివరి నుంచి ఇంటి యజమానురాలికి నెలకు రెండు వేలిచ్చే గృహలక్ష్మి డబ్బు చాలా ఇళ్ళలో నేరుగా కిస్తీకి పోతుందని విమర్శ ఉంది. పోనివ్వండి. ఆ రెండు వేల కోసం పక్కింట్లో చేబదులు అడగాల్సిన అవసరం తప్పింది కదా. ఇండోనేషియాలో పేద ఇళ్ళకు నగదు సాయం చేరిన చోట ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని 2019లో ఒక అధ్యయనం తేల్చింది.

పెళ్ళి అప్పుకు ఈ ప్రాంతం వెతుక్కున్న మందు సామూహిక వివాహాలు. మఠాల్లో, జాతరల్లో పదుల జంటలకు ఒకే పందిట్లో తాళి కట్టిస్తారు. ఇంట్లో పెళ్ళి చేయలేకపోయాడన్న మాట రాదు, స్వామి సన్నిధిలో చేశాడంటారు. మానం నిలబెడుతూ ఖర్చు తగ్గించే ఉపాయం ఇంతకన్నా మంచిది మరొకటి కనిపించదు.

ఉచిత న్యాయ సహాయం జిల్లా న్యాయ సేవల ప్రాధికారంలో దొరుకుతుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి రాబడితో పనిలేకుండా హక్కుగా. రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థల మీద ఫిర్యాదుకు 14448 ఉంది. ఇవన్నీ ఉన్నాయి, ఒక్కచోట లేవు. తాలూకా ఆసుపత్రిలో గుండె దడ అని చెప్పిన ఆమెను ఎన్ని కార్డులున్నాయని ఎవరూ అడగరు. న్యాయ సహాయానికి వచ్చిన ఆయన్ని రాత్రి నిద్రపడుతోందా అని ఎవరూ అడగరు.

ఈ రెంటినీ కలిపిన దేశాలు కొన్ని ఉన్నాయి. జపాన్ 2006లో గరిష్ఠ వడ్డీని 29.2 నుంచి 20 శాతానికి దించి, ఏడాది రాబడిలో మూడోవంతు మించి అప్పివ్వకూడదని చట్టం చేసింది. అదే ఏడాది ఆత్మహత్యల నివారణకు వేరే చట్టం తెచ్చింది. ఇంగ్లండు, వేల్సుల్లో 2021 మే 4 నుంచి అప్పులవాళ్ళకు 60 రోజుల విరామం దొరుకుతుంది. ఆ రోజుల్లో వసూలు ఉండదు, చాలా బాకీల మీద వడ్డీ పెరగదు. మానసిక సంక్షోభానికి చికిత్స పొందుతున్నవాళ్ళకు ఆ చికిత్స జరిగినన్నాళ్ళూ, ఆపైన ఇంకో 30 రోజులూ విరామమే. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నది ఒక్కటే: ప్రకృతి వైపరీత్యంలో 33 శాతం, అంతకు మించి పంట పోతే బ్యాంకులు పంట రుణం గడువు పెంచి తిరగరాయాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం. పహణీ ఉన్నవాడి బ్యాంకు అప్పుకే అది వర్తిస్తుంది. గుత్తకు చేసినవాడు గంజ్‌లోనో, నోటు మీదనో, భార్య కార్డు మీదనో తెచ్చినదానికి కరువు ఏడు కూడా మామూలు ఏడే.